పులిరాజాకు అరవై ఏళ్ళొస్తే...

ఇరవై ఏళ్ళు దాటింది. గోడల మీద, బస్సుల వెనక, హోర్డింగుల మీద ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ ఎవరీ పులిరాజా అన్నది మొదట్లో ఎవరికీ అంతుబట్టలేదు. కొత్త సినిమా కాబోలు అన్నారు కొందరు. కాలేజీ కుర్రాళ్ళు ఒకరినొకరు పులిరాజా అని పిలుచుకుని పడీపడీ నవ్వుకున్నారు. ఆ ప్రకటన ఇప్పటికీ అందరికీ గుర్తే. ఆ ప్రశ్నకు అవునని జవాబొచ్చిన మనుషులే మన కంట పడకుండా, ముఖానికి చెంగో తువ్వాలో అడ్డం పెట్టుకుని, మందుల వరసలో నిలబడ్డారు.

ఆ వరసలో ఇప్పుడు తెల్లజుట్టు కనిపిస్తోంది. ఇది చిన్న సంగతి కాదు. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వాసుపత్రుల్లో హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యేదాకా ఈ జబ్బు సోకిన పేదవాడికి ముసలితనమనే మాటే లేదు. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఏఆర్‌టీ మందు వాడుతున్నవారికి ఇచ్చే పింఛను, అరవై దాటినవారికి ఇచ్చే వృద్ధాప్య పింఛను ఒకటే, నెలకు 4,000 రూపాయలు. ఒకే మనిషికి ఈ రెండు అర్హతలూ వచ్చే రోజు ఉంటుందని అప్పట్లో ఎవరూ ఊహించలేదు.

కృష్ణా డెల్టాకు ఈ లెక్కలో ఒక చోటుంది. 2004–05లో పరిశోధకుడు లలిత్ దండోనా బృందం గుంటూరు జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి 12,617 మంది రక్తం పరీక్షించింది. తెనాలి, రేపల్లె, బాపట్ల అప్పుడు ఆ జిల్లాలోవే, కృష్ణ పడమటి డెల్టాలో ఎక్కువ భాగం అదే. 15 నుంచి 49 ఏళ్ళ వయసువారిలో నూటికి 1.72 మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. అప్పటి అధికారిక అంచనాలో ఇది సగం కూడా లేదు. ప్రభుత్వాసుపత్రికి వచ్చే గర్భిణుల రక్తం చూసి జిల్లా మొత్తానికి లెక్క కట్టడంలో ఎంత పొరపాటుందో ఆ సర్వే బయటపెట్టింది. 2007లో దేశం మొత్తం అంచనాను యాభై లక్షల పైమాట నుంచి పాతిక లక్షలకు దించారంటే, అందుకు దారితీసిన ఆధారాల్లో మన డెల్టా ఊళ్ళ రక్తం కూడా ఉంది.

అంచనా సగానికి తగ్గిందని సంతోషించాల్సిందే. కానీ నూటికి దాదాపు ఇద్దరంటే వీధికొక ఇల్లు. ఆనాడు సర్వేలో చేయి చాపినవాళ్ళలో చిన్నవాడు ఇప్పుడు ముప్పై అయిదు దాటాడు, పెద్దవాడు డెబ్బై అంచున ఉన్నాడు. 2021 అంచనాల ప్రకారం రాష్ట్రంలో హెచ్‌ఐవీతో బతుకుతున్నవారు సుమారు 3.21 లక్షల మంది. పెద్దల్లో 0.67 శాతం. దేశ సగటు 0.21. కొత్తగా సోకేవారు తగ్గారు, పాతవారు బతికున్నారు. అంటే వీళ్ళంతా ఏటేటా ముసలివాళ్ళవుతున్నారు.

వాళ్ళు ఎంత వేగంగా ముసలివాళ్ళవుతున్నారన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు వెతుకుతూ పోతే కథ హెచ్‌ఐవీ దగ్గర ఆగలేదు. మా మేనత్త వీపు దాకా వచ్చింది.

అత్తకు అరవై ఎనిమిది. ఉయ్యూరు పక్క పల్లెలో ఒంటరిగా ఉంటుంది. నిరుడు మాఘంలో ఒకరోజు ఎడమవైపు వెన్ను దగ్గర చురచురమంటోందంది. పురుగు కుట్టిందో, పట్టేసిందో అనుకుంది. రెండోరోజుకు రొమ్ము కింద దాకా, పక్కటెముక వెంబడి గీత గీసినట్టు ఎర్రటి మచ్చలు, వాటి మీద ముత్యాలు పేర్చినట్టు నీటి పొక్కులు. కుడివైపు ఒక్కటీ లేదు. పొరుగావిడ చూసి, ‘అక్కి, వదినా’ అంది. అంతే, కుమ్మరి వీధికి తీసుకెళ్ళారు. ఎర్రమట్టి కలిపి పొక్కుల చుట్టూ రాత రాసి పంపారు. మరో మూడు పొద్దులు రమ్మన్నారు. అక్కి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పని అందరూ భయపెట్టారు. నేను వెళ్ళేసరికి అయిదు రోజులైంది. రవిక వేసుకోలేక పాత మెత్తటి నూలుచీర భుజం మీద కప్పుకుని, ఫ్యాను గాలికి ఆ చెంగు కదిలి ఒంటికి తగిలితే కెవ్వుమంటోంది.

‘‘చిన్నప్పుడే అమ్మవారు పోసిందిరా నాకు. వేపాకుల మీద పడుకోబెట్టారు, చలివిడి పెట్టి సాగనంపారు. మళ్ళీ ఇదేంటి?’’ అని అడిగింది.

‘‘ఆవిడ పోలేదత్తా. నీలోనే ఉంది’’ అన్నాను.

‘‘అరవై ఏళ్ళ నించా?’’

అరవై ఏళ్ళ నుంచే. ఆటలమ్మ పోసిన వైరస్ పొక్కులు మానినా ఒళ్ళు విడిచి వెళ్ళదు. నరాల వెంబడి పాకి, వెన్ను పక్కనుండే నాడీ ముడుల్లో నివురుగప్పిన నిప్పులా పడి ఉంటుంది. పైకి లేచినప్పుడు ఏ ముడిలో ఉందో ఆ ఒక్క నరం దారినే చర్మం మీదకు వస్తుంది. అందుకే ఒక పక్కనే వస్తుంది, పట్టీ కట్టినట్టు వస్తుంది. తలా తోకా కలవకపోవడం రాతగాడి మహిమ కాదు, నరాల అమరిక. వైరస్ ఇలా లోపలే దాగి ఉంటుందని కనిపెట్టింది పెద్ద ప్రయోగశాల కాదు, ఒక చిన్న ఊరి డాక్టరు. ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్‌లో ప్రాక్టీసు చేసుకునే హోప్-సింప్సన్ పదహారేళ్ళపాటు తన దగ్గరికి వచ్చిన అక్కి కేసులన్నీ రాసిపెట్టుకున్నాడు. 192 కేసులు. వయసు పెరిగేకొద్దీ అక్కి పెరుగుతోందని చూసి 1965లో ఒక ఊహ ముందుపెట్టాడు. చిన్నప్పటి వైరస్సే లోపల దాక్కుంటుంది, దాన్ని అణచి ఉంచే శక్తి సన్నగిల్లిన రోజున బయటికొస్తుంది అని. తర్వాత వచ్చిన పరీక్షలన్నీ ఆయన మాటనే నిలబెట్టాయి.

అంటే అక్కి ఒంటి కాపలాకు వయసైపోయిందని తెలిపే ధ్రువపత్రం. ఆధార్ కార్డులో ఉండే వయసు వేరు, ఇది వేరు. మన డెల్టా డాక్టర్లు ఈ సంగతిని పుస్తకంలో కన్నా ముందు రోగుల్లో చూశారు. తొంభైల చివర్లో, రెండు వేల మొదట్లో, ముప్పై ఏళ్ళ లారీ డ్రైవరో అతని ఇల్లాలో అక్కితో వస్తే అనుభవమున్న డాక్టరు పూతమందుతోపాటు హెచ్‌ఐవీ పరీక్ష కూడా రాసేవాడు. అరవైలో రావాల్సింది ముప్పైలో వచ్చిందంటే లోపల కాపలాను ఎవరో ముందే ముసలివాణ్ణి చేశారన్నమాట. (లారీ డ్రైవర్ల జబ్బని విజయవాడ ఆటోనగర్ మీద వేసిన ముద్ర వల్ల, ఏ లారీ ఎక్కని ఆడవాళ్ళు ఎంతమంది పరీక్షకు ఆలస్యంగా వచ్చారో లెక్కగట్టినవారు లేరు.)

ఇంతకీ ఈ కాపలాకు వయసెలా వస్తుంది?

రొమ్ముటెముక వెనక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. కాపలా కాసే తెల్లకణాల్లో ముఖ్యమైనవి టీ కణాలు. వాటికి అదే బడి. శత్రువెవరో, సొంతవాడెవరో అక్కడ నేర్చుకుని బయటికొస్తాయి. చిత్రమేమిటంటే ఆ బడి మన పసితనం దాటగానే మూతపడటం మొదలవుతుంది. నడివయసుకు చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. కొత్త భర్తీలు దాదాపు ఆగిపోతాయి. అక్కణ్ణుంచి ఉన్నవాళ్ళతోనే నెట్టుకురావాలి. నీటిపారుదల శాఖలో పాత లస్కర్లు రిటైరవుతుంటే కొత్తవాళ్ళను వేయక, ఉన్న ఒక్కణ్ణే మూడు కాలువల మీద తిప్పినట్టు.

ఇప్పుడు ఆ ఉన్న లస్కర్లలో సగం మందిని ఒకే గండి దగ్గర కూర్చోబెడితే ఏమవుతుంది? వదలని వైరస్ చేసేది అదే.

జలుబు వైరస్ వస్తుంది, పోతుంది. ఆటలమ్మ వైరస్, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి, మనలో చాలామంది పేరే వినని సైటోమెగలో వైరస్, ఇవి అలా కాదు. ఈ చివరిదాన్ని సీఎంవీ అంటారు. మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి తొంభై మందికి పైనే ఇది ఉంటుంది. తల్లిపాలల్లోంచో, ఎంగిలిలోంచో పసితనంలోనే వస్తుంది. జబ్బు చేయదు, కనబడదు. కానీ మధ్యమధ్యలో గుర్రపుడెక్క మాదిరి అక్కడక్కడ తలెత్తుతుంది. ప్రతిసారీ దాన్ని గుర్తుపట్టే టీ కణాలు పరుగెత్తి అణుస్తాయి, అణిచిన ప్రతిసారీ తామూ కొంత పెరుగుతాయి. మామూలు జబ్బు తగ్గాక దాని కోసం పుట్టిన సైన్యం చాలామటుకు చెదిరిపోతుంది, కొద్దిమంది జ్ఞాపకంగా మిగులుతారు. సీఎంవీ విషయంలో ఆ మిగిలినవాళ్ళే ఏళ్ళ తరబడి పెరుగుతూ పోతారు. జ్ఞాపక కణాల్లో సగటున పదో వంతు ఈ ఒక్క వైరస్ కాపలాకే పోతుందని తేలింది. కొందరు వృద్ధుల్లో అది ఇంకా ఎక్కువ.

స్వీడన్‌లోని యోన్‌షోపింగ్‌లో తొంభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్నవారి రక్తాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించి చూశారు. టీ కణాల్లో సీడీ4, సీడీ8 అని రెండు వర్గాలున్నాయి. ఆరోగ్యవంతుల్లో మొదటిది ఎక్కువ. కొందరు వృద్ధుల్లో ఈ నిష్పత్తి తలకిందులైంది. వాళ్ళు మిగతావారికన్నా ముందు పోయారు, వాళ్ళలో సీఎంవీ దాదాపు తప్పనిసరిగా ఉంది. ఇదే తలకిందుల నిష్పత్తి వైద్యం అందని హెచ్‌ఐవీ రోగిలో పాతికేళ్ళకే కనిపిస్తుంది. స్వీడన్ ముసలాయన రక్తం, డెల్టా కుర్రాడి రక్తం పక్కపక్కన పెడితే పోలిక కనబడుతుంది.

అయితే సీఎంవీని పూర్తి దొంగను చేయడం న్యాయం కాదు. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవారు 210 మంది కవలలను పరీక్షించారు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి సీఎంవీ ఉండి మరొకరికి లేకపోతే, రోగనిరోధక శక్తికి సంబంధించిన కొలతల్లో సగానికి పైగా మారిపోయాయి. రక్తం పంచుకు పుట్టిన ఇద్దరి మధ్య అంత తేడా తేగలిగిన వైరస్ అది. కానీ అదే ఏడాది, అక్కడి పరిశోధకులే, సీఎంవీ ఉన్న పడుచువాళ్ళు ఫ్లూ టీకాకు ఇంకా బాగా స్పందించారని కూడా చూపించారు. వయసులో ఉన్నప్పుడు కసరత్తు చేయించే వస్తాదు, వయసు మళ్ళాక మోకాళ్ళు అరగదీసే వస్తాదు, ఒకడే అయి ఉండవచ్చు.

కాపలా కణాలు ఎక్కువవడం ఒక దెబ్బ. అలసిపోవడం మరొకటి. ఈ రెండో కథలో మనవాడొకాయన ఉన్నాడు. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్ళి, ఎమరీ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన రఫీ అహ్మద్. ఎలుకల్లో త్వరగా పోయే వైరస్‌ను, అదే జాతిలో వదలకుండా అంటిపెట్టుకునే మరో రకాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. వదలని వైరస్‌తో నెలల తరబడి పెనుగులాడిన టీ కణాలు చావవు, కానీ చేతులు పడిపోయినట్టు ఉండిపోతాయి. వాటి ఒంటి మీద పీడీ-1 అనే బ్రేకు బిగుసుకుని ఉందని, దాన్ని వదులు చేస్తే కణం మళ్ళీ పనిలోకి వస్తుందని 2006లో ఆయన బృందం చూపింది. హెచ్‌ఐవీ రోగుల్లోనూ అదే బ్రేకు కనబడింది. ఆ బ్రేకు మీద పనిచేసే మందులు ఇవాళ కేన్సర్ వార్డుల్లో వాడుతున్నారు.

హెచ్‌ఐవీ దెబ్బ వీటన్నిటికన్నా లోతైనది, ఎందుకంటే అది కాపలావాడినే కరుస్తుంది. సోకిన కొద్ది వారాల్లోనే పేగు గోడలో ఉండే సీడీ4 కణాలను ఊడ్చేస్తుంది. పేగు గట్టు జారుతుంది. లోపలుండాల్సిన బ్యాక్టీరియా తునకలు నెత్తురులోకి కారతాయి. ఒళ్ళు వాటి మీద ఎప్పుడూ కయ్యానికి దిగుతూనే ఉంటుంది. మందు వేసుకుంటే వైరస్ రక్తపరీక్షలో దొరకనంతగా తగ్గుతుంది, ఆ మనిషి లైంగిక సంబంధం ద్వారా దాన్ని మరొకరికి అంటించడు కూడా. కానీ ఆ సెగ పూర్తిగా ఆరదు. ఊకపొయ్యి చూసినవారికి తెలుస్తుంది. మంట కనబడదు, గంటల తర్వాత కూడా చేయి పెడితే కాలుతుంది. ఏళ్ళ తరబడి ఈ సెగ తగిలేది రక్తనాళాలకు, ఎముకలకు, మూత్రపిండాలకు. గుండెపోటు ప్రమాదం మిగతావారికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువ. 2022లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ పరిశోధకులు 102 మంది పురుషుల రక్తాన్ని, హెచ్‌ఐవీ సోకకముందు తీసింది, సోకిన రెండు మూడేళ్ళకు తీసింది పోల్చి చూశారు. కణాల వయసు మామూలుగా పెరగాల్సిన దానికన్నా రెండు నుంచి అయిదేళ్ళు ముందుకు దూకింది.

రెండేళ్ళ కిందటి వరద గుర్తుకొస్తోంది. 2024 సెప్టెంబరు మొదట్లో అందరి చూపూ కృష్ణ మీదే. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు పైన వస్తున్నాయి, గేట్లు తట్టుకుంటాయా, కరకట్ట నిలుస్తుందా అని. విజయవాడలో సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం కృష్ణ కాదు, వెనకనుంచి వచ్చిన బుడమేరు వాగు. గట్టుకు మూడుచోట్ల గండ్లు. హెచ్‌ఐవీ వైద్యంలో ఇప్పుడు జరుగుతున్నది అచ్చంగా ఇదే. వైరల్ లోడు ఎంత, సీడీ4 ఎంత అని ముందువైపు కాపలా బాగా కాస్తున్నాం, దాన్ని కాదనలేం. బుడమేరు మాత్రం బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ రూపంలో వెనకనుంచి వస్తోంది. మూడుపూటలా తెల్లన్నం తినే డెల్టాలో షుగరు గురించి కొత్తగా చెప్పేదేముంది.

ఈ గట్టును ముందే బలపరచవచ్చని కూడా తేలింది. రిప్రీవ్ అనే పరిశోధనలో, మన దేశంతో సహా పన్నెండు దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 7,769 మంది హెచ్‌ఐవీ రోగులను తీసుకున్నారు. గుండెజబ్బు ప్రమాదం మరీ ఎక్కువగా లేనివాళ్ళే. సగం మందికి పిటావాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర, మిగతావారికి ఉత్తి మాత్ర. గుండెపోటు, పక్షవాతం వంటివి 35 శాతం తగ్గాయి. ఫలితం అంత స్పష్టంగా ఉండటంతో 2023లో ప్రయోగాన్ని అనుకున్నదానికన్నా ముందే ఆపేశారు. ఏఆర్‌టీ కేంద్రంలో నెలమాత్రల డబ్బా తీసుకునేటప్పుడు ‘‘డాక్టరుగారూ, నాకు ఆ కొలెస్ట్రాల్ మాత్ర కావాలా?’’ అని నలభై దాటిన ప్రతివారూ అడగవలసిన రోజొచ్చింది.

ఆ డబ్బా ఒకసారి ఒకాయన చేతిలో చూశాను. తెల్ల ప్లాస్టిక్ సీసా, లోపల ముప్పై మాత్రలు, ఒక్కో మాత్రలో మూడు మందులు. పాత స్టావుడిన్ రోజుల్లో బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి, అరికాళ్ళు మండేవి, ముఖం చూసే ఊరంతా కనిపెట్టేది. ఇప్పుడా బాధ లేదు. సీసా తెచ్చినాయన రేకుల షెడ్డు వెల్డరు, యాభై ఆరేళ్ళు. సీసా మీది కాగితాన్ని గోటితో గీకి తీసేసి, మాత్రలను ఖాళీ విభూది డబ్బాలో పోసుకున్నాడు. ‘‘మనవరాలు చదవడం నేర్చిందండీ’’ అన్నాడు. మోకాళ్ళ నొప్పులకు మాత్రం బయట వైద్యానికి వెళుతున్నాడు. అక్కడ తన అసలు జబ్బు చెప్పడు, ఇక్కడ తన బీపీ చెప్పడు. రెండు కౌంటర్ల మధ్య తిరిగే అలాంటి మనిషిని పట్టుకోవడం ఏ యంత్రానికీ చేతకాదు. విజయవాడలో వాసవ్య మహిళా మండలి వంటి సంస్థలు ఏళ్ళుగా ఇళ్ళకు వెళ్ళి కూర్చుని మాట్లాడుతూ చేసుకొచ్చిన పని అది.

మళ్ళీ అత్త దగ్గరికి వస్తాను. పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి. నొప్పి ఏడు నెలలు ఉంది. రాత్రిళ్ళు ఎవరో అట్లకాడ కాల్చి పెట్టినట్టుంటుందనేది. అక్కి తగ్గాక మిగిలే ఈ నరాల నొప్పి అరవై దాటినవారినే ఎక్కువగా పీడిస్తుంది. కుమ్మరి వీధిలో రాత రాసినాయన మీద నాకు కోపం లేదు. అక్కి దానంతటదే ఎండుతుంది కాబట్టి రాసినవాడికి ఎప్పుడూ మంచిపేరే వస్తుంది. కానీ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ జాతి మాత్రలు మొదటి 72 గంటల్లో పడితేనే ఎక్కువ మేలు. అత్తకు ఆ మూడు రోజులూ ఎర్రమట్టి కింద పోయాయి.

అక్కి రాకుండా టీకా ఉంది. షింగ్రిక్స్ అనే ఈ టీకా 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది. యాభై దాటినవారికి రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల ఎడంతో. పరీక్షల్లో యాభై దాటినవారిలో 97 శాతం, డెబ్బై దాటినవారిలో దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది. ముసలి కాపలాను ఒక టీకా అంతగా లేపి నిలబెట్టగలదని ముందు ఎవరూ అనుకోలేదు. దాని పాత అన్న, బలహీనపరచిన వైరస్‌తో చేసిన టీకా, వేల్స్‌లో మరో వింత చూపించింది. అక్కడ 1933 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవారికే టీకా అర్హత ఇచ్చారు. ఒక వారం ముందు పుట్టినవారికి లేదు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవారిని ఏడేళ్ళు గమనిస్తే, టీకా వేసుకున్నవారిలో మతిమరుపు జబ్బు అయిదో వంతు తగ్గింది. 2025లో ఈ సంగతి వెలువడింది.

మన దగ్గర అడ్డమల్లా ధర. డోసు పదివేల పైమాటే. రెండు డోసులకు అత్త అయిదు నెలల పింఛను కన్నా ఎక్కువే. పుట్టిన ప్రతి బిడ్డకూ టీకాల కార్డు చేతికిచ్చే ప్రభుత్వం దగ్గర అరవై నిండినవారికి అలాంటి కార్డే లేదు. వృద్ధాప్య పింఛను మొదలయ్యే రోజునే అది కూడా చేతికి అందాలని నేనంటాను. అక్కి టీకా ఇప్పటికిప్పుడు ఉచితంగా రాకపోయినా, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ గడులు ఆ కార్డులో ఉంటే చాలు. అరవై నిండాక వెల్డరుకూ, అత్తకూ ఒకే కార్డు. ఎవరికే జబ్బు ఉందో పైకి తెలియదు కూడా.

అంతవరకు మీ ఇంట్లో యాభై దాటిన వారెవరికైనా ఒంటికి ఒక పక్కనే మంటపుట్టి, వరసగా నీటి పొక్కులు లేస్తే, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. కంటి దగ్గరో నుదుటి మీదో వస్తే ఒక్క పూట కూడా ఆగకండి. అక్కి రాయించుకోవడం మీ నమ్మకమైతే, మాత్ర వేసుకుని వెళ్ళి రాయించుకోండి.